‘ఏటి సేత్తాం’, ‘ఏటి సేద్దాం’: తలరాత అనే మాటను విప్పి చూస్తే

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, ఒక్కో విసురు 165 దాకా. వాన కాస్త తెరిపిచ్చాక మా పెదనాన్నతో కలిసి తోటకు వెళ్ళాను. దారి కనబడలేదు. పడిన కొబ్బరిచెట్ల మీద ఎక్కి దిగుతూ పోయాం. జీడిచెట్లు వేళ్ళతో సహా లేచి పక్కకు ఒరిగి ఉన్నాయి. ఆయన ఒక మాను మీద కూర్చుని చాలాసేపు అటే చూశారు. తర్వాత అన్న మాట ఒకటే: “ఏటి సేత్తాం.”

ఆ సాయంత్రం అరుగు మీద పదిమంది చేరారు. కరెంటు లేదు. మోటార్లు ఆడవు కాబట్టి తాగేందుకు నీళ్ళూ లేవు. అక్కడా ముందు నోరు విప్పింది ఆయనే: “ఇప్పుడు ఏటి సేద్దాం?” అరగంటలో ఎవరి ఇంట్లో డీజిల్ ఇంజను ఉందో, ఎవరి ట్రాక్టరు కదులుతుందో లెక్క తేలింది.

మా యాసలో సేత్తాం అంటే చేస్తాం, సేద్దాం అంటే చేద్దాం. వినడానికి ఒక్క అక్షరం తేడా. మొదటిది ప్రశ్నలా ఉన్నా ఎవరి జవాబూ కోరదు. రెండోది జవాబు కోరుతుంది, ఎదుటివాళ్ళనూ అందులో కలుపుకుంటుంది. పొద్దున ఆ మాట అన్న మనిషే సాయంత్రం ఈ మాట అన్నాడు. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందన్న ప్రశ్న నన్ను వదలలేదు. నేను పెరిగింది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, చదువుకున్నది సైకాలజీ. రెండు చోట్లా ఈ ప్రశ్నే వేరు వేరు బట్టల్లో ఎదురైంది.

తుఫాను వచ్చినప్పుడు, పరీక్షా ఫలితాలు వచ్చినప్పుడు, ఇంట్లో పెద్ద జబ్బు బయటపడినప్పుడు ఈ గొడవ మళ్ళీ మొదలవుతుంది. ఫోను తెరిస్తే ఒకాయన ‘నీ తలరాత నువ్వే రాసుకో’ అంటాడు. వేలు పైకి జరిపితే ఇంకొకాయన ‘అంతా పూర్వజన్మ కర్మ, అనుభవించాల్సిందే’ అంటాడు. ఇద్దరికీ వేల లైకులు. వినేవాడికి మాత్రం తల తిరుగుతుంది. అందుకే ముందు మాటల దగ్గర మొదలుపెడదాం.

కర్మ అంటే చేసేది, ఖర్మ అంటే పడేది

తలరాత, విధి, ప్రాప్తం, గ్రహచారం, ఖర్మ. మాట్లాడేటప్పుడు వీటన్నిటినీ ఒకే గంపలో వేస్తాం. తత్వశాస్త్రం వీటిని కలపదు. విధి లేదా నియతి అంటే జరగబోయేది ముందే ఖాయమైపోయిందని, మనిషి ఏం చేసినా అది మారదని. కర్మ అంటే చేసిన పనికి ఫలితం ఉంటుందని. కర్మ అన్న మాట పుట్టిందే ‘చేయడం’ అనే ధాతువు నుంచి. నిజానికి ఈ రెండూ ఎదురెదురు సిద్ధాంతాలు. మనం చేసేదానికి ఏ ఫలితమూ లేకపోతే కర్మ అన్న మాటకే అర్థం ఉండదు.

మరి ‘నా ఖర్మ’ అనేసరికి చేతులు ఎందుకు చల్లబడతాయి? ఎప్పుడో గత జన్మలో చేసినది మనకు గుర్తుండదు. గుర్తులేని పనికి ఇప్పుడు ఫలితం వస్తోందంటే, అనుభవించేవాడికి అది బయటి నుంచి వచ్చి పడిన రాతలాగే ఉంటుంది. అలా చేతకు సంబంధించిన మాట చేతకానితనం వైపు జారిపోయింది.

సంప్రదాయం ఈ జారుడును గమనించే కర్మను మూడుగా విడదీసింది. దానికి బాణాల పోలిక చెబుతారు. అమ్ములపొదిలో ఉన్నవి సంచితం. విల్లు విడిచి పోయినది ప్రారబ్ధం, దాన్ని వెనక్కి తేలేం. చేతిలో పట్టుకుని ఉన్నది ఆగామి, దాన్ని ఎటు వేయాలో మన ఇష్టం. యోగవాసిష్ఠంలో ఇంకా గట్టి పోలిక ఉంది. నిన్నటి ప్రయత్నం, ఇవాళ్టి ప్రయత్నం రెండు పొట్టేళ్ళలా ఢీకొంటాయట, బలమున్నది నెగ్గుతుందట. అక్కడ దైవం అంటే నిన్నటి మన ప్రయత్నమే.

నాకు బాగా పనికొచ్చింది భగవద్గీత 18వ అధ్యాయంలోని 14వ శ్లోకం. ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కలవాలంటుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. వ్యాఖ్యాతలు అధిష్ఠానమంటే శరీరమని, కరణాలంటే ఇంద్రియాలని చెబుతారు. నేను దాన్ని మా జీడితోటకు తెచ్చి చూసుకుంటాను. అధిష్ఠానం మా ఇసుక నేల. కర్త పెదనాన్న. కరణాలు పార, స్ప్రేయరు, బ్యాంకు అప్పు. చేష్టలంటే పాదులు తీయడం, పూతకు మందు కొట్టడం, కాండం తొలిచే పురుగును కనిపెట్టి తీయడం, పిక్కలు ఏరడం. దైవం ఆ ఏడాది మంచు, ఎండ, గాలి. పంట పోయిన ఏడు ఐదింటిలో ఏది తప్పిందో చూడొచ్చు. 2018లో తప్పింది ఐదోదే, అందులో సందేహం లేదు. కానీ పురుగును చూసుకోక చెట్టు ఎండిపోయిన ఏడు కూడా ‘దైవం’ అనేస్తే, మిగతా నాలుగు గళ్ళనూ ఖాళీ చేసి అంతా ఒక్క గడిలో కుక్కినట్టే. శ్లోకం దైవాన్ని కాదనలేదు, దానికి ఒక చోటు ఇచ్చింది. ఎంత చోటో మాత్రం చెప్పలేదు. ఐదో వంతు అని లెక్క కట్టడానికి వీల్లేదు. తిత్లీ రోజున మిగతా నాలుగూ కలిపినా గాలికి సరితూగలేదు మరి.

శాలిహుండంలో వినిపించే పాత వాదం

వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, విహారాల శిథిలాలు ఉన్నాయి. విజయనగరం దగ్గర రామతీర్థం కొండల మీదా ఉన్నాయి. అక్కడ నివసించిన భిక్షువులకు ఈ తలరాత వాదన కొత్తేం కాదు. బుద్ధుడి కాలంలోనే ఆజీవకులనే సన్యాసుల గురువు మక్ఖలి గోశాలుడు పూర్తి నియతివాదాన్ని బోధించాడు. దారపు ఉండను విసిరితే దారం ఉన్నంత వరకూ దొర్లుతూ విప్పుకుని ఆగిపోతుంది. అలాగే తెలివైనవాడైనా మూర్ఖుడైనా తన వంతు జన్మలు దొర్లాల్సిందే, ఎవరి ప్రయత్నంతోనూ అది తగ్గదు పెరగదు అన్నాడని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. బుద్ధుడు ఈ మాటను గట్టిగా ఖండించాడు.

అంతకన్నా ఆసక్తికరమైనది శివకుడనే పరివ్రాజకుడితో జరిగిన సంభాషణ. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసినదాని ఫలితమే అంటున్నారు, మీరేమంటారని అతను అడిగాడు. బుద్ధుడు ఎనిమిది కారణాలు చెప్పాడు: పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసి చెడటం, ఋతువు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, పైనుంచి వచ్చిపడిన దెబ్బ, చివరికి కర్మఫలం. కర్మను నమ్మే గురువే దానికి ఎనిమిదో చోటు ఇచ్చి, అంతా కర్మే అనేవాళ్ళు తమ అనుభవాన్నీ లోకం ఎరిగిన సత్యాన్నీ దాటి మాట్లాడుతున్నారన్నాడు.

ఆ జాబితా చదివినప్పుడల్లా నాకు ఉద్దానం కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎన్నో ఏళ్ళుగా మనుషుల కిడ్నీలు పాడవుతున్నాయి. షుగరు, బీపీ లేనివాళ్ళకూ వస్తోంది. శ్రీలంకలో, మధ్య అమెరికాలో పొలం కూలీల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. భూగర్భ జలం, ఎండలో ఒంట్లో నీరు తగ్గిపోవడం, నొప్పి మాత్రలు, పురుగుమందులు, వంశపారంపర్యం, అన్నింటినీ పరిశీలిస్తున్నారు. ఇదే అసలు కారణమని ఒక్కదాన్నీ తేల్చలేదు.

కారణం తేలని చోట తలరాత అన్న మాటకు బలం ఎక్కువ. అది మనుషుల మూఢత్వమని నేను అనను. ఒకే బావి నీళ్ళు తాగి, ఒకే ఎండలో పనిచేసిన ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకడికే జబ్బొస్తే ‘వాడికే ఎందుకు’ అన్న ప్రశ్నకు డాక్టరు దగ్గరా జవాబు లేదు. ఆ ఖాళీలోకి మాట వచ్చి కూర్చుంటుంది. శివకుడికి చెప్పిన జాబితా చేసే మేలు ఏమిటంటే, ఆ ఖాళీని తెరిచే ఉంచుతుంది. ఇంకా ఏడు చోట్ల వెతకమంటుంది.

సైకాలజీ ఏం కొలిచింది

1966లో అమెరికన్ మనస్తత్వవేత్త జూలియన్ రాటర్ 29 జతల వాక్యాలున్న ఒక ప్రశ్నావళి ప్రచురించాడు. ప్రతి జతలోనూ నువ్వు నమ్మేది ఎంచుకోవాలి. నా జీవితంలో జరిగేది ఎక్కువగా నా పనుల వల్లే అనుకునేవాళ్ళు ఒక వైపు, అదృష్టం వల్లో ఇతరుల వల్లో అనుకునేవాళ్ళు ఇంకో వైపు తేలతారు. దీన్నే లోకస్ ఆఫ్ కంట్రోల్ అంటారు. పగ్గం ఎవరి చేతిలో ఉందని నువ్వు అనుకుంటున్నావో అదే ఈ కొలత.

1972లో సిమ్స్, బౌమన్ అనే ఇద్దరు దీన్ని సుడిగాలులకు వర్తింపజేశారు. అమెరికా దక్షిణాన అలబామాలో సుడిగాలి చావులు ఎక్కువ, ఉత్తరాన ఇల్లినాయిలో తక్కువ. అలబామా వాళ్ళు దేవుడి మీద, అదృష్టం మీద భారం వేసి ఊరుకుంటున్నారని, ఇల్లినాయి వాళ్ళు రేడియో విని జాగ్రత్తపడుతున్నారని వాళ్ళ నిర్ధారణ. మాట్లాడింది కొద్దిమందితోనే అయినా ఆ వ్యాసం బాగా పేరుపొందింది. తర్వాత వచ్చినవాళ్ళు ఎదురు ప్రశ్నలు వేశారు. దక్షిణాన సుడిగాలులు రాత్రిపూట ఎక్కువ వస్తాయి, నిద్రలో ఉన్నవాడు రేడియో ఎలా వింటాడు? చక్రాల మీద నిలబెట్టే తేలికపాటి ఇళ్ళు అక్కడే ఎక్కువ, అవి గాలికి ఆగవు. ఇల్లు గట్టిగా లేకపోవడాన్ని నమ్మకం ఖాతాలో రాస్తే ఎలా అని.

ఈ వాదంలో ఎవరిది ఎంత నిజమో మన తీరం చూస్తే కొంత తెలుస్తుంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనకు సుమారు 10,000 మంది పోయారు. 1999లో ఒడిశా సూపర్ సైక్లోన్‌కూ దాదాపు అంతమంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఇచ్ఛాపురం దాటితే గోపాల్‌పూర్ ఎంతో దూరం లేదు. ఆసారి ఒడిశాలో, మన వైపు కలిపి పది లక్షలకు పైగా మందిని ముందే ఖాళీ చేయించారు. చావులు పదుల్లో ఆగాయి. 1999 నాటి గాలి, ఉప్పెన ఇంకా పెద్దవే, ఆ తేడా ఒప్పుకోవాలి. అయినా 14 ఏళ్ళలో జనం దేవుణ్ణి నమ్మడం మానేయలేదు. వాళ్ళ నుదుళ్ళూ మారలేదు. మారినవి ఉపగ్రహ చిత్రాలు, తుఫాను షెల్టర్లు, ఇంటింటికీ వచ్చి పదండని తీసుకెళ్ళే మనిషి. 1977లో దైవం గడిలో ఉన్నది 2013కి కరణాల గడిలోకి వచ్చింది.

గ్రీకు తత్వవేత్త ఎపిక్టెటస్ బానిసగా బతికినవాడు. లోకంలో కొన్ని మన చేతిలో ఉంటాయి, కొన్ని ఉండవు, ఆ తేడా తెలుసుకో అన్నాడు. ఒక మనిషి మనశ్శాంతికి అది మంచి మాట. కానీ ఒక ఊరికి, ఒక ప్రభుత్వానికి ఆ గీత నిలకడగా ఉండదు, జరుగుతూ ఉంటుంది. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. తలరాత అన్న మాట ఆ గీతను ఉన్నచోటే శాశ్వతంగా గీసేస్తుందా, లేక ఇవాళ్టికి ఇక్కడ ఉందని మాత్రమే చెబుతుందా? ఎవరు ఏ అర్థంలో అంటున్నారో చూడాలి.

‘నా చేతిలో లేదు’ అంటే ఎవరి చేతిలో ఉన్నట్టు?

1970ల్లో హన్నా లెవెన్సన్ అనే మనస్తత్వవేత్త రాటర్ కొలతలో ఒక లోపం పట్టుకుంది. నా చేతిలో లేదు అనేవాళ్ళందరూ ఒకటి కాదు. గాలివాటం అనేవాళ్ళు వేరు, పెద్దవాళ్ళ చేతిలో ఉంది అనేవాళ్ళు వేరు. రెండోవాళ్ళు విధివాదులు కానక్కరలేదు, అధికారం ఎక్కడ ఉందో సరిగ్గా చూసినవాళ్ళు కూడా కావచ్చు.

బొబ్బిలిలో మా అక్క కూతురు డీఎస్సీకి చదివింది. 2018 డీఎస్సీలో కొద్దిలో పోయింది. మళ్ళీ నియామకాల దాకా వెళ్ళిన నోటిఫికేషన్ 2025లో వచ్చింది, 16,347 పోస్టులతో. మధ్యలో దాదాపు ఏడేళ్ళు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ప్రైవేటు స్కూల్లో తక్కువ జీతానికి పాఠాలు చెప్పింది. “నా గీతలో గవర్నమెంటు ఉద్యోగం లేదు మావయ్యా” అంది ఒకసారి. ఆ ఒక్క వాక్యాన్ని కాగితం మీద విడదీసి రాద్దామన్నాను. సబ్జెక్టులో తక్కువ వచ్చిన మార్కులు ఆమెవి. ఏ రోజు పరీక్ష పడింది, తను బాగా చదివిన పాఠాల నుంచి ఎన్ని ప్రశ్నలు వచ్చాయి, ఇది గాలివాటం. ఏడేళ్ళ ఖాళీ గాలివాటం కాదు, ఆమె తప్పూ కాదు. అది ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ళ నిర్ణయం. మూడింటినీ కలిపి నుదుటి మీద రాసేసుకుంటే, చదవాల్సినదీ కనబడదు, అడగాల్సినదీ కనబడదు. ఆమె ఆ కాగితం చాలాసేపు చూసి, “మావయ్యా, ఎక్కువ భాగం నాది కాదన్నమాట” అంది. ఆ గొంతులో కోపం ఉంది, తేలిక కూడా ఉంది.

కుక్కల ప్రయోగం, యాభై ఏళ్ళ తర్వాత దిద్దుబాటు

1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మైయర్ కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. చదవడానికే బాధగా ఉంటుంది. కొన్ని కుక్కలకు కరెంటు షాకు తగిలినప్పుడు తలతో ఒక పలక నొక్కితే ఆగిపోతుంది. ఇంకొన్నింటికి ఏం చేసినా ఆగదు. తర్వాత అన్నింటినీ చిన్న అడ్డు దూకితే తప్పించుకోగల పెట్టెలో పెట్టారు. మొదటివి దూకాయి. రెండోవి చాలావరకు దూకలేదు, అక్కడే పడుకుని మూలిగాయి. ఏం చేసినా ఒకటే అని అవి నేర్చుకున్నాయన్నారు. దానికి నేర్చుకున్న నిస్సహాయత అని పేరు పెట్టారు. పేదవాళ్ళ ‘ఏటి సేత్తాం’కు ఇదే వివరణ అని తరువాత చాలామంది రాశారు. నేనూ కాలేజీలో అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను.

2016లో అదే మైయర్, సెలిగ్మన్ తమ సిద్ధాంతాన్ని తామే తిరగరాశారు. మెదడు మీద జరిగిన పరిశోధనలు చూశాక వాళ్ళు చెప్పింది ఇది: ఎడతెగని బాధలో కదలకుండా పడి ఉండటం నేర్చుకున్నది కాదు, మెదడు పుట్టుకతో చేసేదే అది. నేర్చుకోవాల్సింది దానికి ఎదురైనది, అంటే ‘నేను చేస్తే మారుతుంది’ అన్న సంగతి. మెదడు ముందు భాగం ఆ సంగతి పసిగట్టినప్పుడే ఆ స్తంభన వదులుతుంది.

ఈ దిద్దుబాటు చదివాకే మా పెదనాన్న పొద్దుటి మాట నాకు అర్థమైంది. ఆ క్షణాన అది ఆయన నమ్మకం కాదు, సిద్ధాంతం అంతకన్నా కాదు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఐదు నుంచి ఏడేళ్ళు. పడినవేమో ఆయన తండ్రి నాటిన చెట్లు. అంత దెబ్బకు ఏ ఒళ్ళయినా అలాగే కూలబడుతుంది. సాయంత్రం మారినది కూడా ఆయన తత్వం కాదు. పక్కింటి ఇంజను పనిచేస్తుందని తెలిసింది, పదిమంది కనబడ్డారు, ఒక బిందె నీళ్ళు పైకొచ్చాయి. చేస్తే మారుతుందని కళ్ళ ముందు కనబడ్డాక ద్దకారం దానంతటదే వచ్చింది.

కుక్కల ప్రయోగంలో ఇంకో సంగతి ఉంది. పడి ఉన్న కుక్కను లేవమని పిలిస్తే లేవలేదు. మెడకు తాడు కట్టి అడ్డు మీదుగా ఎన్నోసార్లు లాగి అటు పడేస్తే, ఆ తర్వాత తనే దూకింది. మాటలతో ధైర్యం చెప్పడానికి ఎంత హద్దుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

అంతా మన చేతిలోనే ఉందనుకుంటే

ఇప్పుడు అవతలి పక్షం మాట కూడా వినాలి. తలరాత అనకూడదు, అంతా స్వయంకృషే అనే మాటకు కూడా ఖరీదు ఉంది.

అమెరికాలో షెర్మన్ జేమ్స్ అనే పరిశోధకుడు నార్త్ కరోలినాలో ఒక నల్లజాతి రైతును కలిశాడు. కౌలు కుటుంబంలో పుట్టి, పెద్ద చదువు లేకుండా, ఒళ్ళు విరుచుకుని పనిచేసి 75 ఎకరాలు సంపాదించిన మనిషి. యాభైల్లోకి వచ్చేసరికి బీపీ, కీళ్ళ జబ్బు, కడుపులో పుండు. ఎంత కష్టమైనా పట్టుదలతో సాధిస్తానని నమ్మేవాళ్ళలో, చదువూ డబ్బూ తక్కువున్నవాళ్ళకు బీపీ ఎక్కువగా ఉంటోందని 1983లో జేమ్స్ చూపించాడు. తర్వాతి అధ్యయనాలన్నీ ఒకేలా రాలేదు గానీ ప్రశ్న మాత్రం మిగిలింది. చేతిలో సాధనం లేనివాడికి అంతా నీ చేతిలోనే ఉందని చెబితే, ఆ మాట వాడి ఒంటి మీద పడుతుంది. మన జిల్లాల నుంచి చెన్నైకి, హైదరాబాదుకు పనికి వెళ్ళి, కుర్రతనంలోనే నడుం పోయి తిరిగొచ్చినవాళ్ళను నేను చూశాను. వాళ్ళలో బద్ధకస్తులు ఒక్కరూ లేరు.

ఇంకో ప్రమాదం ఇంతకన్నా చేదుగా ఉంటుంది. 1966లో మెల్విన్ లెర్నర్, కరొలిన్ సిమన్స్ కొందరు విద్యార్థులకు ఒక అమ్మాయి షాకులు తింటున్నట్టు చూపించారు. అది నటనే, చూసేవాళ్ళకు తెలియదు. ఆమె బాధను ఆపే అవకాశం ఉన్నప్పుడు ఆమెను మంచిదే అన్నారు. ఆపలేని పరిస్థితిలో, బాధ ఇంకా కొనసాగుతుందని తెలిసినప్పుడు, ఆమెనే చులకన చేశారు. లోకం న్యాయంగా ఉందన్న నమ్మకం నిలుపుకోవడానికి బాధితురాలిలో లోపం వెతికారు. ‘చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవా’ అన్న సామెత మన ఇళ్ళలో ఎప్పుడు వినబడుతుందో గుర్తు తెచ్చుకోండి. కర్మ పేరు చెప్పినా, స్వయంకృషి పేరు చెప్పినా, ఎదుటివాడి కష్టం వాడి తప్పే అని తేల్చే చోట రెండు వాదాలూ ఒకటైపోతాయి.

పిన్నికి ఆ మాట ఏం చేసింది

మా బాబాయి కిడ్నీలు పాడై 2016లో పోయాడు. కొబ్బరికాయలు దింపేవాడు. ఒళ్ళునొప్పులకు షాపులో మాత్రలు కొని వేసుకునేవాడు. ఈ జబ్బు ముదిరేదాకా పెద్దగా బయటపడదు. కాళ్ళు వాచాక వెళితే అప్పటికే ఆలస్యమైంది. పదో రోజు దాటాక కూడా పిన్ని అన్నం ముట్టలేదు. ముందే తీసుకెళ్ళి ఉంటే, మాత్రలు వేసుకోనీయకుండా ఉంటే, అని తనను తాను తినేసింది. నేను నాకు తెలిసిన సైకాలజీ అంతా చెప్పాను. నీ తప్పు కాదన్నాను. ఆ మాట ఆమె దాకా చేరలేదు.

వీధి చివరి ముసలామె వచ్చి పక్కన కూర్చుంది. “రాసిపెట్టున్నాది అమ్మీ. నీ సేతిలో నేదు. నువ్వు సేసింది నువ్వు సేసినావు. నెగు, రెండు ముద్దలు తిను,” అంది. పిన్ని ఏడ్చింది, తర్వాత తిన్నది.

1977లో జానాఫ్-బుల్మన్, వోర్ట్‌మన్ ప్రమాదాల్లో ఒళ్ళు చచ్చుబడిన 29 మందితో మాట్లాడారు. తమను తాము నిందించుకున్నవాళ్ళు, ఆశ్చర్యంగా, బాగానే తట్టుకున్నారు. ఇతరులను నిందించినవాళ్ళు తట్టుకోలేకపోయారు. తర్వాత 1979లో జానాఫ్-బుల్మన్ ఒక తేడా చెప్పింది. ‘నేను ఫలానా పని పొరపాటు చేశాను’ అనుకోవడం వేరు, ‘నేనే పనికిరానిదాన్ని’ అనుకోవడం వేరు. మొదటిదాంట్లో రేపు ఇంకోలా చేయొచ్చన్న దారి ఉంది. రెండోదాంట్లో లేదు. పిన్ని రెండోదాంట్లో కూరుకుపోయింది. ముసలామె మాటలో ఈ రెండూ విడివిడిగా ఉన్నాయి. రాసింది వేరు, నువ్వు చేసింది వేరు. నువ్వు చేసింది నువ్వు చేశావు అని కూడా ఆమె అన్నది. ఏ పుస్తకమూ చదవకుండా.

అదే మాట నేను ఇంకోచోట విన్నాను. బాబాయి బతికుండగా ఒక ఆసుపత్రిలో పొద్దుట నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి, డయాలసిస్ మిషను ఖాళీ లేదని పంపేశారు. మళ్ళీ ఎప్పుడు రావాలని పిన్ని అడిగితే కౌంటరులో మనిషి తలెత్తకుండా “ఈ జబ్బొచ్చాక ఇంకేముందమ్మా, మీ తలరాత” అన్నాడు. అక్షరాలు అవే. ముసలామె అన్నది జరిగిపోయాక, పక్కన కూర్చుని, తన మొగుణ్ణీ ఇదే జబ్బుకు పోగొట్టుకుని. ఇతను అన్నది ఇంకా చేయాల్సింది ఉండగా, చేయగలిగిన స్థానంలో కూర్చుని, వేరొకరి గురించి. ముసలామె మాట పిన్ని మీద నుంచి బరువు దించింది. ఇతని మాట ఇతని మీద నుంచి దించింది.

అప్పటి నుంచి ఎవరు తలరాత అన్నా నాకు ఇవే తడతాయి. జరగక ముందు అంటున్నారా, జరిగాక అంటున్నారా? తన గురించా, పక్కవాడి గురించా? అన్నాక ఏ పని ఆగింది, ఏ పని మొదలైంది? తుఫాను వస్తోందంటే షెల్టరుకు రానని మొండికేసే ముసలాయన కూడా అదే మాట అంటాడు. అతని విషయంలో జవాబు సులువు, బండెక్కించాలి. కానీ అతను రానన్నది నిజంగా తలరాత నమ్మేనా, లేక కట్టేసి ఉన్న రెండు గేదెల్ని వదల్లేకా అన్నది అడిగి చూడండి. చాలాసార్లు గేదెలే.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి పైపుల్లో నీళ్ళు తెచ్చారు. జబ్బుకు కారణం ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

పిన్ని ఇప్పుడు ఆరు నెలలకోసారి ఇద్దరు కొడుకులనూ రక్తపరీక్షకు తీసుకెళ్తుంది. వెళ్ళే ముందు అరసవల్లి సూర్యనారాయణుడికి దండం పెట్టుకుంటుంది. పోయినసారి నేనూ వెంట వెళ్ళాను. తిరిగొస్తూ ఆటోలో అడిగాను, రాసిపెట్టుంటే జరుగుతాది అంటావు కదా పిన్నీ, మరి ఈ పరీక్షలెందుకని. ఆమె నా వైపు చూసింది, ఇంత చదివినవాడికి ఈమాత్రం తెలీదా అన్నట్టు.

“రాసిందేటో తెలుసుకోడానికే గదా నాయినా రగతం ఇచ్చేది.”

కవరు తెరిచి పెద్దవాడి రిపోర్టు నా చేతిలో పెట్టింది. క్రియాటినిన్ 0.9 ఉంది, మామూలుగా ఉండాల్సినంతే.